పెట్టె ముసలిదైందని మూలన పడేసే ముందు

మామూలుగా ఇక్కడ మేము ఇంటిపేర్ల గురించో, పండుగల గురించో, బడిలో తెలుగు గురించో రాస్తుంటాము. ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నాము. "సంఘానికి ఇదేం పని" అనుకోకండి. మా తళవాయిపురంలో ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే, ఎందుకో తెలుసుకుందామని ఇంటింటికీ వెళ్ళాము. పరీక్షలు, ట్యూషన్లు, ఊరెళ్ళడాలు అని కారణాలు చాలా చెప్పారు. కానీ నాలుగైదు ఇళ్ళల్లో ఒకే మాట వినిపించింది: "పెట్టె కదలడం లేదు." ఆ మాట వెంట పోతే ఈ రాత అయింది. కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి.

మా ఊరు తెలియనివారికి రెండు మాటలు. రాజపాళయం పక్కన, పడమటి కనుమలు కనిపించేంత దూరంలో ఉంటాము. ఊరిపేరులోని తళవాయి అంటే దళవాయే. మదురై నాయకుల కాలంలో సేనాపతిని అలా పిలిచేవారు. ఇప్పుడు సేనలు లేవు, కుట్టుమిషన్లు ఉన్నాయి. నైటీలు కుట్టి ఊరూరికీ పంపడం మా ఊరి బతుకుతెరువుల్లో ఒకటి. రాజపాళయం గురించి వేరే చెప్పాలా! నూలుమిల్లుల ఊరు, 1949 నుంచి 1952 దాకా మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా గారి ఊరు. ఈ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం అనే కుటుంబాలు ఎన్నో. తమిళం మనకు బువ్వ పెట్టే భాష, దానితో మనకు పేచీ లేదు. కానీ ఇంట్లో మాట్లాడే తెలుగును చదవడం, రాయడం మాత్రం మన పిల్లలకు బడిలో దొరకదు. అందుకే ఆదివారం తరగతి.

ఆ తరగతిలో మేము పెట్టుకున్న పని ఒకటుంది. ప్రతి బిడ్డా ఇంట్లో ఉన్న అవ్వనో తాతనో అడిగి వారానికి పది మాటలు తేవాలి. వంటింటి మాటలు, సేద్యం మాటలు, తిట్లు కూడా పరవాలేదు. వాటిని కాగితం మీద కాదు, కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలతో కొట్టి తేవాలి. ఫోన్‌లో వద్దని ఎందుకన్నామంటే, ఫోన్ చేతికిస్తే పిల్లలు తెలుగు మాటను తమిళ అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో కొట్టేస్తారు. అప్పుడు 'గ'కీ 'క'కీ తేడా పోతుంది, ఒత్తులు పోతాయి. కంప్యూటర్ మీద ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పితే ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు అని వేళ్ళకే అలవాటవుతుంది. అక్షరాల వరస కూడా దానితో పాటే తలకెక్కుతుంది.

ఒక ఇంటికి వెళ్ళాము. అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. తండ్రి కుట్టుపని చేయిస్తాడు. ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఎనిమిదేళ్ళ నాటిది, 4 జీబీ మెమొరీ, తిరిగే హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున తండ్రి బిల్లులూ జీఎస్టీ లెక్కలూ, మధ్యాహ్నం తమ్ముడి ఆటలు, సాయంత్రం అమ్మాయి పాఠాలు, అన్నీ దాని మీదే. మీట నొక్కితే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు. "మామా, నేను మీట నొక్కి, వెళ్ళి పాలు కాచి వస్తాను. అప్పటికీ తిరుగుతానే ఉంటుంది" అంది ఆ పిల్ల. రిపేరు చూసే ఒకాయన "దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడట. తండ్రి అప్పు చేసైనా కొనాలని లెక్కలు వేసుకుంటున్నాడు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన సంవత్సరం అది. ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంది. ఆమెకు తెలిసిన కోతల మాటలు, కొట్టం మాటలు ఇంకెవరికీ తెలియవు. పెట్టె కదలదు కాబట్టి ఆ పిల్ల మూడు నెలలుగా అవ్వ దగ్గర మాటలు అడగడమే మానేసింది.

మాలో ఒకరు ఇరవై ఏళ్ళు ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకున్నవారు. ఆయన ఆ పెట్టె ముందు కూర్చుని ముందుగా చెప్పిన మాట ఇది: "కొనడం సంగతి తరవాత. లోపల ఎవరెవరు కూర్చున్నారో చూద్దాం."

మెమొరీ అంటే ఏమిటో ఆయన ఆ తండ్రికి కుట్టుపని భాషలోనే చెప్పాడు. కత్తిరించే బల్ల ఉంటుంది కదా, అది మెమొరీ. వెనక గదిలో గుడ్డల మూటలు ఉంటాయి కదా, అది హార్డ్ డిస్క్. పని జరిగేది బల్ల మీదే. బల్ల నిండిపోతే ఏం చేస్తావు? ఒక మూట తీసి వెనక గదిలో పెట్టి, కావలసింది తెచ్చుకుంటావు. మళ్ళీ అది కావాలంటే ఇది లోపల పెట్టి అది తెస్తావు. రోజంతా మోయడమే సరిపోతుంది, కుట్టు సాగదు. కంప్యూటర్ కూడా అంతే. బల్ల నిండగానే కొంత సరుకును డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే చోటికి తోస్తుంది. మెమొరీలో ఒక మాట వెతకడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే డిస్క్ మీద వెతకడానికి సెకనులో వందో వంతు పడుతుంది. అంటే సుమారు లక్ష రెట్లు ఎక్కువ. పెట్టె కదలకపోవడానికి అసలు కారణం ఈ మోత. యంత్రం ముసలిదవడం కాదు.

తండ్రికి వెంటనే అర్థమైంది. "అయితే బల్ల మీద ఎవరి మూటలున్నాయి?" అని అడిగాడు.

అది చూడటానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే చాలు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్నగా కనిపిస్తే కింద మోర్ డీటెయిల్స్ అని ఉంటుంది, అది నొక్కండి. మెమొరీ అన్న తలకట్టు మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. మేము ఏ పనీ తెరవకముందే ఆ పెట్టెలో సగం కంటే ఎక్కువ మెమొరీ నిండి ఉంది. డిస్క్ దగ్గర నూటికి నూరు అని ఎర్రగా వెలుగుతోంది. లోపల కూర్చున్నవాళ్ళెవరంటే: ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు ప్రోగ్రాం, తమ్ముడి ఆట తాలూకు లాంచర్, కొత్త మార్పులు వచ్చాయా అని అడగడానికే కూర్చున్న నాలుగు చిన్న ప్రోగ్రాంలు, మూసేశామనుకున్న బ్రౌజర్, ఒకటికి రెండు యాంటీవైరస్‌లు. పెళ్ళికి పిలిచినవాళ్ళు పదిమంది, వచ్చి విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు నలభై మంది అన్నట్టుంది.

ఇక చేసిన పనులు చెబుతాము. ఇవన్నీ మీ ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

మొదటిది, పెట్టె వెలగగానే ఎవరూ పిలవకుండా లేచేవాటిని ఆపడం. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే వరస ఉంటుంది. ఒక్కొక్కదాని ఎదుట దాని భారం ఎక్కువా, తక్కువా అని కూడా రాసి ఉంటుంది. అక్కరలేనిదాన్ని ఎంచుకుని డిసేబుల్ నొక్కాలి. ఇలా చేస్తే ప్రోగ్రాం పోదు, మీరు పిలిచినప్పుడే వస్తుంది. ఆటను ఆపుతామనగానే తమ్ముడు ఏడుపు మొహం పెట్టాడు. "ఆట ఎక్కడికీ పోదురా, నువ్వు పిలిస్తేనే వస్తుంది" అని నచ్చజెప్పాల్సి వచ్చింది.

రెండోది, వెనకాల నడిచే యాప్‌లు. విండోస్ 10లో సెట్టింగ్స్, ప్రైవసీ, బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ అని పోతే ఏవేవి వెనకాల నడవవచ్చో చెప్పే చోటు ఉంటుంది. వాతావరణం, వార్తలు, పటాలు, అన్నింటికీ అక్కడ అనుమతి ఉంది. ఆ ఇంట్లో వాతావరణం చెప్పడానికి అవ్వ ఉంది. అనుమతి తీసేశాము.

మూడోది బ్రౌజర్. ఈ కాలపు బ్రౌజర్లు ఒక్కో ట్యాబును దాదాపు విడి ప్రోగ్రాంలా నడుపుతాయి. ఒక పేజీ చెడితే మిగతావి చెడకూడదని అలా కట్టారు, మంచిదే. కానీ దాని ఖరీదు మెమొరీతో కట్టాలి. ఇరవై ట్యాబులు తెరిచి ఉంచితే ఇరవై మంది కూర్చున్నట్టే. వాడని ట్యాబులను నిద్రపుచ్చే ఏర్పాటు ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అని, క్రోమ్‌లో మెమొరీ సేవర్ అని ఉంది. దాన్ని వేసుకోండి. కిటికీ మూసినా వెనకాల నడుస్తూ ఉండమని చెప్పే మీట కూడా సెట్టింగ్స్‌లో సిస్టం అన్న చోట ఉంటుంది, దాన్ని ఆర్పేయండి. ఎక్స్‌టెన్షన్లు ఎప్పుడు, ఎవరు వేశారో గుర్తులేనివి తీసేయండి.

నాలుగోది, యాంటీవైరస్. ఒక వాకిలికి ఒక కాపలావాడు చాలు. ఇద్దరుంటే వచ్చిన ప్రతి మూటనూ ఇద్దరూ విప్పి చూస్తారు. గడువు తీరిపోయి, డబ్బు కట్టమని అడుగుతూ కూర్చున్న రెండింటినీ తీసేసి, విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌ను ఉంచాము.

ఐదోది చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే పెట్టె పూర్తిగా కడిగినట్టు కాదు. లోపలి గుండెకాయ లాంటి భాగాన్ని డిస్క్ మీద దాచి, మళ్ళీ వెలిగించినప్పుడు దాన్నే తెచ్చుకుంటుంది. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ చేయాలి. వారానికోసారి, శనివారం ఇల్లు కడిగినట్టు, రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు చేయకూడనివి. సర్వీసెస్ అన్న పట్టిక తెరిచి తెలియని పేరు కనిపించినదల్లా ఆపేయకండి. శబ్దం, ప్రింటర్, నెట్ వంటివన్నీ ఆ పట్టికలో ఉండేవే. భద్రతకు వచ్చే అప్‌డేట్లను ఆపకండి. 'మెమొరీ క్లీనర్' అని, ఒక్క నొక్కుతో బల్ల ఖాళీ చేస్తామనే ప్రోగ్రాంల జోలికి అసలు పోకండి. అవి చేసేది బల్ల మీది మూటలన్నీ వెనక గదిలోకి విసిరేయడం. అంకె చిన్నదవుతుంది, చూడటానికి బాగుంటుంది, మరుక్షణం అవన్నీ మళ్ళీ మోసుకురావాలి. ఇంకొక మాట: మెమొరీ ఖాళీగా ఉండటమే మంచిదని అనుకోవద్దు. విండోస్ మిగిలిన చోటులో మీరు తరచుగా వాడేవాటిని ముందే తెచ్చి ఉంచుతుంది, కావాలంటే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. బల్ల ఖాళీగా ఉండి ప్రయోజనం ఏముంది? మనం కత్తిరించే గుడ్డకు చోటుండాలి, అంతే.

ఇదంతా చెబుతుంటే ఆ అమ్మాయి "ఇంత చిన్న మెమొరీతో ఏమవుతుంది మామా, అందరి దగ్గరా 16 జీబీలు ఉన్నాయి" అంది. అప్పుడు మావాడు చందమామ కథ చెప్పాడు. 1969 జులై 20న అపోలో 11 నౌక చందమామ మీద దిగుతుండగా అందులోని కంప్యూటర్ 1202 అనే ఎచ్చరిక ఇచ్చింది. నాకు పని ఎక్కువైపోయింది, చోటు లేదు అని దాని అర్థం. ఆ సమయంలో అక్కరలేని ఒక రాడార్ నుంచి వచ్చే సంకేతాలు దాని సమయాన్ని తినేస్తున్నాయి. ఆ కంప్యూటర్‌లో మార్చి రాసుకునే మెమొరీ 2048 మాటలు, ఇప్పటి లెక్కలో సుమారు 4 కేబీ. ఈ ఇంట్లోని పెట్టెకు దానికంటే పది లక్షల రెట్లు ఎక్కువ ఉంది. అయినా అది ఆగిపోలేదు. ఏ పని ముఖ్యమో, ఏది కాదో దాన్ని తయారుచేసినవాళ్ళు ముందే వరస కట్టి పెట్టారు. ఎచ్చరిక వచ్చినప్పుడల్లా తక్కువ ముఖ్యమైనవాటిని వదిలేసి, దిగే పనిని మాత్రం పట్టుకుంది. మనుషులు క్షేమంగా దిగారు. మన పెట్టెలో ఆ వరస కట్టే పని మనం చేయాలి, ఎందుకంటే ఈ ఇంట్లో ఏది ముఖ్యమో పెట్టెకు తెలియదు.

ఆ మాటతో ఇంట్లో ఒక మంచి పంచాయితీ నడిచింది. ఏది ముఖ్యం? తండ్రికి బిల్లుల ప్రోగ్రాం, అమ్మాయికి పాఠాలు, తమ్ముడికి ఆట, అవ్వకు తెలుగు పాటల వీడియోలు. ఒకరి పని జరిగేటప్పుడు మిగతావి మూసి ఉండాలని ఒప్పందం అయింది. ఇది కంప్యూటర్ చిట్కా కాదు, ఇంటి కట్టుబాటు. కానీ అన్ని సెట్టింగ్‌లకంటే ఎక్కువగా పనిచేసింది ఇదే.

మా కుర్రవాళ్ళలో ఒకడు లినక్స్ వేసేద్దామన్నాడు. 2011 సెప్టెంబరు 15న మొదలైన తమిళనాడు ఉచిత లాప్‌టాప్ పథకంలో పిల్లలకు ఇచ్చినవాటిలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వచ్చేది. చెన్నైలోని సీ-డాక్ తయారుచేసినది అది, తెలుగుతో సహా మన దేశ భాషలకు అందులో చోటుంది. అప్పట్లో చాలా ఇళ్ళల్లో దాన్ని తెరిచి చూసినవారే లేరు. తేలికపాటి లినక్స్ ఏదైనా ఇలాంటి పాత పెట్టెల మీద హాయిగా నడుస్తుంది. కానీ ఈ ఇంట్లో బిల్లుల ప్రోగ్రాం విండోస్ మీదే నడుస్తుంది, బతుకుతెరువుతో ఆటలాడలేము. అందుకని ఆ ఇంట్లో వేయలేదు. ఇంకో ఇంట్లో అటక మీద పడున్న సర్కారు లాప్‌టాప్ ఒకటి దొరికింది, దానికి వేశాము. అది ఇప్పుడు తెలుగు తరగతి గదిలోనే ఉంటోంది. కుర్రవాడి మాటా నిలిచింది, తండ్రి మాటా నిలిచింది.

ఒక సంగతి దాచకూడదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళల్లో వాడేవారికి పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆ తరవాత బ్యాంకు పనులు ఆ పెట్టె మీద చేయకపోవడం మంచిది. విండోస్ 11కి మారాలంటే కనీసం 4 జీబీ మెమొరీతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, కొత్త ప్రాసెసరూ కావాలి, పాత పెట్టెలు చాలావాటికి అవి లేవు. కాబట్టి మేము చేసినది శాశ్వతమని చెప్పము. ఆ అమ్మాయి ప్లస్ టూ గట్టెక్కి కాలేజీలో చేరేదాకా అప్పు లేకుండా నెట్టుకురావడానికి గడువు దొరికింది, అంతే. ఆ గడువు విలువ ఆ తండ్రికి తెలుసు. చేతిలో కొంచెం డబ్బు ఆడినప్పుడు మొదట తిరిగే డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, తరవాత మెమొరీ పెంచండి. కొత్త పెట్టె ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది. కొనేముందు మీ పెట్టెలో మెమొరీకి ఖాళీ చోటు ఉందో లేదో, ఏ రకం పడుతుందో చూపించుకోండి.

మరి తెలుగు బరువెంత అని మీరు అడగవచ్చు. తరగతిలో పిల్లలకు ఈ లెక్క చేసి చూపించాము. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే మన లిపికి చోటు దొరికింది. 128 గళ్ళ పేట అది. ఇప్పుడు మామూలుగా దాచే పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. 'స్త్రీ' అనే అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. ఆ 4 జీబీ బల్ల మీద తెలుగు గుర్తులు మాత్రమే పరిస్తే 143 కోట్లు పడతాయి. మన అవ్వలందరి మాటలూ పోసినా ఆ బల్ల నిండదు. ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో పట్టే చోటులో అవ్వ జీవితమంతా చెప్పిన కథలు పడతాయి. తెలుగుకు చోటు లేదని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. చోటు ఎప్పుడూ ఉంది. దాన్ని అమ్మేసిన ప్రింటర్ ఆక్రమించుకుని కూర్చుంది, అంతే.

పది నిమిషాలు పట్టేది ఇప్పుడు రెండు నిమిషాల లోపే పని మొదలవుతోందని ఆ అమ్మాయి చెప్పింది. తిరిగే డిస్క్ కాబట్టి అంతకంటే ఆశించలేము. గత ఆదివారం ఆమె తెచ్చిన కాగితం మీద పదికి బదులు ఇరవై మూడు మాటలున్నాయి. అందులో ఆరు మాకు కూడా తెలియవు. వాటిని ఎలా పలకాలో అవ్వను అడిగి రమ్మని పంపాము. వాటి అర్థాలు వచ్చాక విడిగా రాస్తాము, మీ ఇళ్ళల్లో ఆ మాటలు ఉన్నాయేమో చూద్దురు.

మన ఊళ్ళో, చుట్టుపక్కల ఎవరింట్లోనైనా కదలని పెట్టె ఉంటే పాత సామాన్ల వాడికి వేసేముందు ఆదివారం తరగతికి తీసుకురండి. మోయలేకపోతే చెప్పండి, మేమే వస్తాము. డబ్బు అక్కరలేదు. వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పది మాటలు అడిగి తెండి, అదే మా కూలి. కింద మీ సందేహాలు రాయండి. తెలుగు అక్షరాలు ఇంకా రానివారు తమిళంలో రాసినా సరే, జవాబు రెండు లిపుల్లోనూ ఇస్తాము.